చీలిక ఎంతో, తీవ్రత అంత

2004 డిసెంబర్ 26, ఆదివారం. సుమత్రా దగ్గర భూమి కంపించిన పావుగంటకు హవాయిలోని సునామీ హెచ్చరిక కేంద్రం లెక్కగట్టిన తీవ్రత 8.0. గంట గడిచాక 8.5 అన్నారు. చివరికి తేలింది 9.1. అంకెల్లో తేడా కాస్తే, శక్తిలో మాత్రం దాదాపు 45 రెట్లు. ఆ సునామీకి మన కోస్తాలోనే వందమందికి పైగా ప్రాణాలు పోయాయి. అందుకే ఈ లెక్క మనకూ తెలియాలి.

పత్రికల మ్యాపులో కనిపించే ఎర్రచుక్క చీలిక మొదలైన చోటు మాత్రమే. ఆ రోజు సిమెలూ దీవి దగ్గర మొదలైన చీలిక సెకనుకు సుమారు రెండున్నర కిలోమీటర్ల వేగంతో ఉత్తరానికి పాకి, అండమాన్ దాకా 1300 కిలోమీటర్లు సాగింది. ఆంధ్ర తీరం మొత్తం కన్నా పొడవు! అందుకు ఎనిమిది నిమిషాల పైనే పట్టింది. మొదటి లెక్కకు ఆధారమైన పొట్టి తరంగాల్లో అంత పొడవైన చీలిక పూర్తిగా కనబడదు.

చీలిక పొడవును వెడల్పుతో, రాళ్లు జారిన దూరంతో, రాతి గట్టిదనంతో గుణిస్తే వచ్చేదే అసలు కొలత. దానిమీద 1979లో హ్యాంక్స్, కనమోరి కట్టిన స్కేలునే ఇప్పుడు పెద్ద భూకంపాలకు వాడుతున్నారు. మనం అలవాటుగా రిక్టర్ స్కేలు అనేస్తాం.

ఇందులో కీలకం వెడల్పు. అరటికాయను అడ్డంగా కోస్తే చిన్న చక్రం వస్తుంది. అదే కాయను కత్తిపీట మీద ఏటవాలుగా పెట్టి కోయండి, ముక్క సాగి పొడుగ్గా వస్తుంది. భూమి పైపొర కూడా అంతే. కొంత లోతు దాటాక వేడికి రాయి మెత్తబడి, ఫెళ్లున విరగకుండా మెల్లగా జారుతుంది, కాబట్టి చీలిక ఆ పైపొర మందానికే పరిమితం. కాలిఫోర్నియాలో భ్రంశం, అంటే నేల చీలే పగులు, దాదాపు నిట్టనిలువు. అందుకే 1906లో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర 470 కిలోమీటర్ల పొడవున చీలినా లోతు పది పదిహేను కిలోమీటర్లే, తీవ్రత 7.9 దగ్గరే ఆగింది. సుమత్రా దగ్గర భారత భూఫలకం పక్క ఫలకం కిందికి ఏటవాలుగా దూరుతుంది. పైగా చల్లని ఫలకం కావడంతో రాయి ఇంకా లోతు దాకా పెళుసుగానే ఉంటుంది. అక్కడ చీలిక వెడల్పు సుమారు 150 కిలోమీటర్లు, జారుడు సగటున పది మీటర్లు.

పొడవు తక్కువైనా జారుడు దాన్ని పూడ్చగలదు. 2011 మార్చి 11న జపాన్‌లో చీలింది 500 కిలోమీటర్లే. కానీ కొన్నిచోట్ల 50 మీటర్లు జారింది, తీవ్రత 9 దాకా వెళ్లింది. అక్కడా మూడు నిమిషాల్లో వచ్చిన తొలి అంచనా 7.9. దాన్ని నమ్ముకుని మియాగి తీరానికి ఆరు మీటర్ల అల అని హెచ్చరించారు. చాలాచోట్ల పది మీటర్లు దాటిన అల వచ్చింది.