పొగ మానాలంటే మళ్లీ నికోటినా?

సిగరెట్టులో ఉన్నదీ నికోటినే, పొగ మానడానికని మందుల షాపులో అమ్మే గమ్ములో ఉన్నదీ నికోటినే. ఒకటి మాని ఇంకొకటి పట్టుకోవడం దేనికి? పొగ మానదల్చుకున్నవాళ్లూ, వాళ్లకంటే ఎక్కువగా వాళ్ల ఇంట్లోవాళ్లూ ఈ ప్రశ్న అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే. దీనికి జవాబు సరిగ్గా తెలియకే చాలామంది గమ్ము కొని, నాలుగు రోజులు నమిలి, లాభం లేదని వదిలేస్తున్నారు.

పొగాకు కాలినప్పుడు తారు, కార్బన్ మోనాక్సైడ్, కాన్సర్ తెచ్చే రసాయనాలు పదుల కొద్దీ పుడతాయి. ఊపిరితిత్తులనూ గుండెనూ రక్తనాళాలనూ పాడుచేసేవి ప్రధానంగా ఇవే. నికోటిన్ చేసే పని వేరు: ఆరిపోయిన సిగరెట్టు తర్వాత ఇంకొకటి వెలిగించేలా చేస్తుంది. అది పూర్తిగా అమాయకమైనదని అనను. గుండె వేగాన్నీ రక్తపోటునూ కొంత పెంచుతుంది, అలవాటు చేస్తుంది. కానీ మనిషిని కాన్సర్ వార్డుకు చేర్చేది పొగ. గమ్ములో, చర్మానికి అతికించుకునే ప్యాచ్‌లో ఆ పొగ లేదు.

రెండో తేడా వేగంలో ఉంది, నా దృష్టిలో అసలు విషయం అదే. దమ్ము లాగిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. డోపమిన్ అనే రసాయనం ఊరుతుంది, హాయి అనిపిస్తుంది. సిగరెట్టు ఇంకా వేళ్ల మధ్య ఉండగానే ఫలితం అందుతుంది కాబట్టి మెదడు ఆ రెండింటినీ గట్టిగా ముడివేసుకుంటుంది. రోజుకు పది సిగరెట్లు, ఒక్కోదానికి పది దమ్ములు అనుకుంటే ఏడాదికి 36 వేలసార్లు ఆ ముడి బిగుస్తోందన్నమాట. అదే గమ్ము నుంచి నికోటిన్ రక్తంలో పూర్తి మోతాదుకు చేరడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, ప్యాచ్‌తో అయితే కొన్ని గంటలు. ఇంత నెమ్మదిగా వచ్చేదానికి మనసు అంత తేలిగ్గా బానిస కాదు. నికోటిన్ లేక ఒళ్లు పడే బాధ మాత్రం తగ్గుతుంది.

ఆ బాధ నిజమైనది. ఒంట్లో నికోటిన్ రెండు గంటలకోసారి సగానికి సగం తగ్గిపోతుంటుంది. పూర్తిగా మానేస్తే చిరాకు, కోపం, దిగులు, నిద్ర పట్టకపోవడం, పని మీద మనసు నిలవకపోవడం, ఆకలి ఎక్కువవడం మొదలవుతాయి. మొదటి రెండు మూడు రోజులు మరీ ఎక్కువ, మూడు నాలుగు వారాలకు సర్దుకుంటాయి. "ఆయన మానిన వారం మేం ఇంట్లో ఉండలేకపోయాం, నేనే ఒకటి తెచ్చి ఇచ్చాను" అనే ఇల్లాళ్లు ఉన్నారు. ఆ వారంలో ఆయన మొండితనం చూపించడం లేదు, ఒళ్లు అలవాటుపడిన మందు అందక అల్లాడుతున్నాడు. అందుకే ముందు పొగను తీసేసి, నికోటిన్‌ను మెట్టుమెట్టుగా తగ్గించాలన్నది ఈ చికిత్స వెనకున్న ఆలోచన.

ఈ ఆలోచన 1960ల చివర్లో స్వీడన్‌లో పుట్టింది. సబ్‌మెరైన్లలో సిగరెట్టు వెలిగించడం కుదరక నావికులు పొగాకు నమిలేవారు. అది చూసిన క్లాస్ లుండ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త హెల్సింగ్‌బోర్గ్‌లోని లియో మందుల కంపెనీలో ఉన్న తన మిత్రుడు ఊవె ఫెర్నోకు ఆ సంగతి రాశారు. ఫెర్నో ఏళ్ల తరబడి శ్రమించి నికోటిన్ గమ్ము తయారుచేశారు. 1984లో అమెరికా దాన్ని అనుమతించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్సను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది, మన దేశం జాబితాలోకి 2022లో వచ్చింది.

ఇక వాడే పద్ధతి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

దాన్ని గమ్ము అంటాం గానీ మామూలు చూయింగ్ గమ్ములా నమలకూడదు. నోట్లో వేసుకుని నింపాదిగా కొరకాలి. పది పదిహేను కొరుకుళ్లకు మిరియం గింజ తగిలినట్టు నాలుక చుర్రుమంటుంది. అప్పుడు నమలడం ఆపి, బుగ్గకూ చిగుళ్లకూ మధ్య దవడన పెట్టుకోవాలి. ఒక నిమిషానికి ఆ చురుకు తగ్గుతుంది. మళ్లీ నాలుగైదు సార్లు కొరికి ఈసారి రెండో దవడన పెట్టాలి. ఇలా అరగంట. చకచకా నమిలితే నికోటిన్ లాలాజలంతో కలిసి కడుపులోకి పోతుంది. అక్కడ అది చేసేది ఎక్కిళ్లు, గుండెల్లో మంట, వికారం. పేగుల నుంచి పీల్చుకున్న కాస్తా కాలేయంలోనే చాలావరకు విరిగిపోతుంది. "నాకు గమ్ము పడలేదు" అనేవాళ్లలో చాలామందికి పడనిది ఆ నమిలే తీరు.

మన చుట్ట తాగేవాళ్లను చూస్తే దవడన ఎందుకు పెట్టాలో తెలుస్తుంది. చుట్ట పొగలో క్షారగుణం ఎక్కువ, అందుకే పొగ లోపలికి పీల్చకపోయినా నోటి పొరల గుండానే నికోటిన్ ఒంటికి పడుతుంది. ఉత్తరాంధ్రలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లకు మత్తు ఎక్కేదీ అలాగే, అంగిలికి కాన్సర్ వచ్చేదీ ఆ వేడీ పొగా అక్కడే తగలడం వల్ల. గమ్ములోనూ కొంచెం క్షారం కలుపుతారు. నోరు పుల్లబడితే ఆ ఏర్పాటంతా వృథా. కాఫీ, టీ, నిమ్మరసం, కూల్‌డ్రింకు, మజ్జిగ, చింతపండు చారన్నం, ఏది తిన్నా తాగినా పావుగంట ఆగి గమ్ము వేసుకోవాలి. నోట్లో గమ్ము ఉన్నంతసేపూ ఏమీ తాగకూడదు. టీ కొట్టు దగ్గర సిగరెట్టుకు బదులు టీతో పాటే గమ్ము నమిలేవాడికి అందాల్సింది అందదు.

ఎంత మోతాదు? సిగరెట్ల లెక్క కంటే పొద్దున లేచాక మొదటిది ఎంతసేపటికి వెలిగిస్తారన్నది మంచి కొలత. అరగంటలోపే అయితే 4 మిల్లీగ్రాములది, ఆ తర్వాత అయితే 2 మిల్లీగ్రాములది. బీడీ తాగేవాళ్లు దీన్నే పాటించాలి, ఎందుకంటే బీడీలో పొగాకు కొంచెమే అయినా అందులో నికోటిన్ పాలు ఎక్కువ. 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండా ఇస్తారు, 4కు డాక్టరు చీటీ కావాలి. 2 మిల్లీగ్రాముల గమ్ము నుంచి ఒంటికి పట్టేది ఇంచుమించు ఒక మిల్లీగ్రామే. రోజుకు రెండు మూడు నమిలి పెట్టె తాగేవాడు మానేయగలడా? మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, రోజుకు కనీసం తొమ్మిది. 24 దాటకూడదు. తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకు ఒకటి, ఆఖరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకు ఒకటి. మొత్తం మూడు నెలలు. రెండు వారాలకే బాగున్నానని ఆపేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది, అంత కష్టపడ్డాక మళ్లీ మొదటికొస్తారు.

ప్యాచ్ రోజంతా ఒక నిలకడ ఇస్తుంది. రోజుకు పది సిగరెట్లు దాటితే 21 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి ఆరు వారాల తర్వాత 14కు, ఇంకో రెండు వారాలకు 7కు దిగుతారు. వెంట్రుకలు లేని పొడి చర్మం మీద రోజుకో చోట అతికించాలి. పిచ్చి కలలు వస్తుంటే రాత్రి తీసేయవచ్చు. ప్యాచ్ వేసుకుని, మరీ నాలుక పీకినప్పుడు గమ్ము వాడటం ఒక్కటే వాడటం కంటే మెరుగని పరిశోధనలు చూపించాయి. ఇంతకీ ఎంత ఉపయోగం? 64 వేలమందికి పైగా పాల్గొన్న అధ్యయనాలను కోక్రేన్ సంస్థ 2018లో కలిపి చూస్తే, మానగలిగే అవకాశం ఈ చికిత్సతో 50 నుంచి 60 శాతం పెరుగుతుందని తేలింది. అందరూ మొదటిసారే మానేస్తారని దీనర్థం కాదు. రెండోసారి, మూడోసారి ప్రయత్నించినప్పుడూ ఇదే సాయం అందుబాటులో ఉంటుంది.

ఎక్కువమందికి తెలియని సంగతి ఒకటుంది. పొగలోని రసాయనాల వల్ల కాలేయం కాఫీలోని కెఫీన్‌ను మామూలు కంటే వేగంగా విరగ్గొడుతుంటుంది. పొగ మానగానే ఆ వేగం తగ్గుతుంది, తాగే రెండు కప్పులే ఎక్కువైపోతాయి. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం చూసి సిగరెట్టు లేకనే అనుకుంటారు. కాఫీ సగానికి తగ్గించి చూడండి. ఉబ్బసానికి థియోఫిలిన్, మానసిక సమస్యలకు క్లోజపిన్, ఓలాంజపిన్ వాడేవాళ్లు మాత్రం మానే ముందు డాక్టరుకు తప్పకుండా చెప్పాలి, మోతాదు తగ్గించాల్సి రావచ్చు. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, గర్భిణులు కూడా అడిగే వాడాలి.

సిగరెట్టు పెట్టె మీద అచ్చువేసే 1800-11-2356 పొగ మానదల్చుకున్నవాళ్లకు సలహాలిచ్చే నంబరు, ఉచితం. తెలుగులోనూ మాట్లాడతారు. మందు ఒళ్లు పడే బాధను చూసుకుంటే, భోజనం కాగానే బడ్డీ కొట్టు వైపు నడిచే కాళ్లను ఎలా మళ్లించాలో వాళ్లు చెబుతారు.

మధ్యలో ఒకటి తాగేస్తే? ప్యాచ్ ఉండగా సిగరెట్టు తాగితే గుండె ఆగిపోతుందని ఒక భయం ఉంది. పరిశోధనల్లో అలాంటిదేమీ కనబడలేదు. ప్యాచ్ పీకేయకండి, మిగతా సిగరెట్లు పారేసి, మరుసటి గమ్ము వేళకు గమ్మే వేసుకోండి. పన్నెండు వారాలు నిండాక కూడా రోజుకు ఒకటి రెండు కావాలనిపిస్తే డాక్టరును అడిగి ఇంకొన్నాళ్లు వాడండి. ఇంట్లోవాళ్లు దాన్ని చూసి "ఇంకా మానలేదా" అని దెప్పకూడదు. ఆయన పొగ మానేశాడు.