మీథేన్‌లో కార్బన్ ఎవరికీ ఏమీ ఇవ్వదు

పదో తరగతి పిల్లలూ, మీ యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దాను. సగం మందికి పైగా మీథేన్‌లో కార్బన్ తన నాలుగు ఎలక్ట్రాన్లను హైడ్రోజన్‌కి ‘ఇచ్చేస్తుంది’ అని రాశారు. ఉప్పు పాఠం తెచ్చి ఇక్కడ అతికించారన్నమాట. అందుకే మళ్ళీ చెబుతున్నాను.

1995 జనవరి 8న గోదావరికి అవతల, కోనసీమలోని పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి అదుపు తప్పి అంటుకుంది. 65 రోజులు మండింది. ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, చెబుతారు. అక్కడ కాలింది సహజవాయువు. అందులో ఎక్కువ భాగం మీథేనే.

కార్బన్ పరమాణు సంఖ్య 6. లోపలి కక్ష్యలో 2, బయటి కక్ష్యలో 4 ఎలక్ట్రాన్లు. బయట ఎనిమిది ఉంటే దానికి స్థిరత్వం. నాలుగూ వదిలేద్దామంటే చాలా శక్తి కావాలి. పోనీ నాలుగు తెచ్చుకుందామంటే, ఆరు ప్రోటాన్లున్న కేంద్రకం పది ఎలక్ట్రాన్లను పట్టి ఉంచలేదు. ఇక మిగిలింది పంచుకోవడమే. కార్బన్ ఒకటి, హైడ్రోజన్ ఒకటి వేస్తే ఒక జత. రెండిళ్ళ మధ్య ఉమ్మడి గోడ ఇద్దరికీ గోడే కదా, అలాగే ఆ జత ఇద్దరి లెక్కలోకీ వస్తుంది. అదే సమయోజనీయ బంధం. ఇలా నాలుగు జతలయ్యేసరికి కార్బన్ చుట్టూ 8, ఒక్కో హైడ్రోజన్‌కి 2. ఎలక్ట్రాన్ జతను పంచుకోవడమనే ఈ ఆలోచన 1916లో జి.ఎన్. లూయిస్ చెప్పింది.

రెండు కార్బన్లు తమలో తాము రెండు జతలు పంచుకుంటే ఇథిలీన్, మూడు పంచుకుంటే ఎసిటిలీన్. గ్యాస్ వెల్డింగ్‌లో వాడేది ఈ ఎసిటిలీనే. కార్బైడ్‌కి తడి తగిలితే వచ్చేదీ అదే. (కార్బైడ్‌తో మామిడికాయలు మగ్గబెట్టడం నిషేధం. అయినా మానరు.)

ఇంకో తప్పు ఉంది, ఇది బాగా చదివేవాళ్ళది. ‘బంధాలు తెగితే శక్తి వస్తుంది, అందుకే మీథేన్ మండుతుంది’ అట! బంధం తెంచాలంటే శక్తి మనం పెట్టాలి. కార్బన్-హైడ్రోజన్ బంధానికి మోల్‌కి సుమారు 413 కిలోజౌళ్ళు. అగ్గిపుల్ల గియ్యాల్సింది అందుకే. తర్వాత ఆ పరమాణువులు ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్, నీరు అయ్యేటప్పుడు కొత్త బంధాలు ఏర్పడతాయి. అప్పుడు వచ్చే శక్తి, పెట్టినదానికన్నా ఎక్కువ. మోల్ మీథేన్‌కి మిగులు సుమారు 890 కిలోజౌళ్ళు. పాశర్లపూడి మంట వేడి అంతా ఆ మిగులే.

సోమవారానికి ఈథేన్ చుక్కల బొమ్మ గీసుకురండి. మొత్తం ఏడు జతలు రావాలి. ఆరే వచ్చాయంటే రెండు కార్బన్ల మధ్య జత మర్చిపోయినట్టు.