ఎనిమిది వేలమంది వాటాదార్ల ఊరు

దేశ రాజధానిలో మాటలకు కూడా ఋతువులుంటాయి. ఒకప్పుడు ప్రణాళిక అన్న మాట లేని ఉపన్యాసం ఉండేది కాదు. తరువాత సరళీకరణ వచ్చింది. 2016 జనవరి 16న విజ్ఞాన్ భవన్‌లో ప్రధానమంత్రి స్టార్టప్ ఇండియా పథకాన్ని ప్రారంభించినది మొదలు స్టార్టప్ అన్న మాటకు వసంతం నడుస్తున్నది. ఆ మాట వెంట వచ్చిన మరొక మాటను మాత్రం ఢిల్లీ పెద్దలు ఒకసారి చేరదీసి, మళ్లీ వాకిట్లోనే నిలబెట్టారు. అది క్రౌడ్ ఫండింగ్.

పేరు కొత్తది గాని వస్తువు మనకు తెలియనిది కాదు. మన ఊళ్లలో దాన్ని చందా అంటారు. శ్రీరామనవమి పందిరికి చందా, గ్రంథాలయానికి చందా, ఊరి బడికి చందా. ఇప్పటి తేడా ఏమంటే, ఒక కొత్త వస్తువును ఊహించినవాడు దాని బొమ్మను, వివరాన్ని, ధరను ఇంటర్నెట్‌లో జనం ముందు పెడతాడు. నచ్చినవారు వస్తువు తయారు కాకముందే డబ్బు చెల్లిస్తారు. ఆ డబ్బుతో అతడు అచ్చులు చేయించి, సరుకు తయారుచేసి, పంపుతాడు. వెనుక ఫ్యాక్టరీ లేక, పెట్టుబడిదారు లేక, తన బుర్ర, తన పెన్సిలు తప్ప ఆస్తి లేని స్వతంత్ర డిజైనరుకు ఇది మొదటి మెట్టు.

ఈ మెట్టు మన దేశంలో ఉండాలా, అక్కరలేదా అన్న విషయం ఆలోచించటానికి ఢిల్లీ కంటె జంషెడ్‌పూర్ తగిన చోటని ఈ విలేఖరి అభిప్రాయం. ఎందుకంటే ఆ ఊరు పుట్టిందే ఒక విధమైన చందాతో.

జమ్‌షెట్జీ టాటా ఉక్కు కర్మాగారాన్ని కలగన్నాడే గాని చూడలేదు. 1904లో జర్మనీలో కన్ను మూశాడు. ఆ సంవత్సరమే భూగర్భ శాస్త్రజ్ఞుడు ప్రమథనాథ్ బోస్, మయూర్‌భంజ్ సంస్థానంలో మేలైన ఇనుప ఖనిజం ఉన్నదని ఉత్తరం వ్రాశాడు. కుమారుడు దొరాబ్జీ, ఆయన సహచరుడు పాద్షా డబ్బు కోసం మొదట వెళ్లింది లండన్‌కే. అప్పటి ఆనవాయితీ అది. ఇండియాలో రైలు వేయాలన్నా, వంతెన కట్టాలన్నా లండన్ బజారులోనే మూలధనం పుట్టాలి. కాని ఆ బజారు కరగలేదు. డబ్బుకు కరువైన రోజులు కావటం ఒక కారణం. డబ్బు ఇచ్చేవారు పెత్తనం కూడా అడగటం మరొక కారణం. భారతీయులు ఉక్కు పోయగలరన్న నమ్మకం అక్కడ ఎవరికీ లేకపోవటం అన్నిటికన్న పెద్ద కారణం. టాటాలు రైలు పట్టాలు తయారు చేస్తే వాటిని పౌను మిగలకుండా తానే తింటానని రైల్వేల పెద్ద సర్ ఫ్రెడరిక్ అప్‌కాట్ పరిహసించిన కథ ఇప్పటికీ చెప్పుకుంటారు.

1907 ఆగస్టులో టాటాలు లండన్‌ను వదలి స్వదేశంలో ప్రకటన ఇచ్చారు. వంగ విభజన తరువాత స్వదేశీ ఉద్యమం ఉధృతంగా ఉన్న కాలమది. బొంబాయిలో టాటాల కార్యాలయం ముందు పొద్దున్నే జనం గుమిగూడేవారని, రాత్రి పొద్దుపోయేదాకా కదిలేవారు కారని ఆ కర్మాగార నిర్మాణంలో పాలుపంచుకున్న ఇంజనీరు ఆక్సెల్ సాలిన్ తరువాత చెప్పాడు. మూడు వారాలలో 16 లక్షల 30 వేల పౌన్ల మూలధనమంతా పోగైంది. ఇచ్చినవారు సుమారు ఎనిమిది వేలమంది, అందరూ భారతీయులు. 1912 ఫిబ్రవరిలో సాక్చీ గ్రామం వద్ద తొలి ఉక్కు వచ్చింది. 1919 జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు.

ఈ కథను మరీ తీయగా చెప్పుకోనక్కరలేదు. ఆ ఎనిమిది వేలమందీ చిల్లర పోగుచేసిన పేదలు కారు. వ్యాపారులున్నారు, సంస్థానాధీశులున్నారు. పని నడపటానికి మరో నాలుగు లక్షల పౌన్లు కావలసి వచ్చినపుడు ఆ ఋణపత్రాలన్నీ గ్వాలియర్ మహారాజా సింధియా ఒక్కడే కొన్నాడు. కొలిమి వెలిగిన నేల అంతకు ముందు ఎవరిదో, ఆ ఆదివాసుల పేర్లు వాటాదార్ల పట్టికలో వెతకటం వృథా శ్రమ. కొలిమి ముందు చెమటోడ్చినవారిలో ఉత్తరాంధ్ర నుండి వలసవెళ్లిన మనవారున్నారు. బిష్టుపూర్‌లోని రామమందిరం నేటికీ వారి ఉనికికి సాక్ష్యం. వారి పేర్లు కూడా ఆ పట్టికలో ఉండి ఉండవు. మరొక సంగతి: జనం డబ్బు ఒక్కటే ఆ కర్మాగారాన్ని నిలబెట్టలేదు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత విదేశీ ఉక్కు ముంచెత్తినపుడు జీతాలకు డబ్బు లేక, 1924లో దొరాబ్జీ తన సొంత ఆస్తిని, భార్య నగలను సైతం ఇంపీరియల్ బ్యాంకులో కుదువపెట్టాడు. ఆ ఏడే కేంద్ర శాసనసభ ఉక్కు పరిశ్రమకు రక్షణ సుంకాల చట్టం చేసింది. జనం నమ్మకం, ప్రభుత్వం రక్షణ రెండూ కలిస్తేనే పని జరిగిందన్నమాట.

ఇక నేటి ఊరికి వద్దాం. జంషెడ్‌పూర్ నుండి ఖర్కయీ నది దాటితే ఆదిత్యపూర్. టాటా మోటార్స్‌కు విడిభాగాలు చేసి ఇచ్చే చిన్న కర్మాగారాలు అక్కడ వందలలో ఉన్నాయి. సమీపంలోని గమ్హారియాలో డెన్మార్క్ సహాయంతో వెలసిన ఇండో డేనిష్ టూల్ రూమ్ ఉన్నది. అచ్చులు చెక్కటం, చెక్కటం నేర్పటం దాని పని. ఎన్.ఐ.టి. ఉన్నది. ఇనుమును ఏ రూపంలోకైనా వంచగల చేతులు ఇన్ని ఉన్న ఊరు దేశంలో అరుదు. అయితే ఆ చేతులు చేసేది చాలావరకు ఇతరులు గీసి పంపిన బొమ్మ ప్రకారమే. పెద్ద కంపెనీ ఆర్డరు తగ్గిన నెలలో నది అవతల యంత్రాలు ఖాళీ.

అక్కడి యువకుడొకడు కొలిమి కార్మికుల కోసం తేలికైన ఒక పనిముట్టునో, ఇంట్లో వాడుకునే వస్తువునో ఊహించాడనుకుందాం. చేతితో ఒక నమూనా చేయటానికి వేలు చాలు. కాని ప్లాస్టిక్‌తోనో, పోత లోహంతోనో వెయ్యి వస్తువులు తీయాలంటే ముందు ఉక్కు అచ్చు కావాలి. దాని ఖర్చు లక్షలలో ఉంటుంది. మొదటి వస్తువుకూ వెయ్యవ వస్తువుకూ అచ్చు ఒక్కటే గనుక, ఆ భారమంతా ఆరంభంలోనే మీద పడుతుంది. బ్యాంకు తాకట్టు అడుగుతుంది. ప్రభుత్వం 2021లో 945 కోట్ల రూపాయలతో స్టార్టప్ విత్తన నిధి పెట్టిన మాట నిజమే. కాని అది గుర్తింపు పొందిన కంపెనీలకు, ఎంపిక సంఘాల ద్వారా లభించేది. ఒంటరిగా పనిచేసే డిజైనరు ముందు కంపెనీ పెట్టుకొని, ఆపైన వరుసలో నిలబడాలి. వస్తువు వాడబోయే వెయ్యిమంది ముందుగా డబ్బిస్తే ఈ తిరుగుడు తప్పుతుంది. అంతకు మించి, ఆ వస్తువు ఎవరికైనా అవసరమా అన్న ప్రశ్నకు అచ్చు చెక్కక ముందే జవాబు దొరుకుతుంది. ఈ రెండవ లాభమే పెద్దదని నా నమ్మకం.

అమెరికాలో 2009లో మొదలైన కిక్‌స్టార్టర్ ఈ పద్ధతికి ప్రసిద్ధమైన అంగడి. 2012లో పెబుల్ అనే చేతి గడియారానికి లక్ష డాలర్లు అడిగితే 68 వేలమందికి పైగా కలిసి కోటి డాలర్లు దాటించారు. అంతకు ముందు పెద్ద పెట్టుబడిదార్లు తలుపులు మూసిన వస్తువు అది. అయితే ఇచ్చిన గడువుకు గడియారాలు అందలేదు, కొన్ని నెలలు ఆలస్యమైనవి. మరి రెండేళ్లకు కూలెస్ట్ కూలర్ అనే చల్లటి పెట్టె కథ జరిగింది. అరవై రెండు వేలమంది కోటీ ముప్పై లక్షల డాలర్లు పోశారు. 2019లో ఆ సంస్థ మూతపడేనాటికి వారిలో దాదాపు మూడో వంతుమందికి పెట్టె ముట్టలేదు. డబ్బు తక్కువై పాడుకాలేదు. ధర తప్పుగా కట్టి పాడయింది. జనం చప్పట్లు కొట్టినంత మాత్రాన లెక్కలు సరిపోవు.

మన దేశవాసులు తమ పేరున కిక్‌స్టార్టర్‌లో దుకాణం తెరవటానికి వీలులేదు. ఆ సంస్థ అనుమతించే దేశాల పట్టికలో భారత్ చేరలేదు. 2014లో కొచ్చి యువకులు కొందరు వేలికి తొడిగే ఎలక్ట్రానిక్ ఉంగరానికి ఇండీగోగో అనే మరో అంగడిలో డబ్బు సేకరించగలిగారు. అటువంటివారిని వేళ్ల మీద లెక్కించవచ్చు. స్వదేశంలో వెలసిన ఇటువంటి వేదికలలో ఎక్కువ పేరు వచ్చింది వైద్యఖర్చులకు చేయి చాచేవాటికే. ఆసుపత్రి బిల్లుకు చందా అడిగే దేశంలో అచ్చు ఖర్చుకు చందా అడగటానికి నోరు రాకపోవటం సహజమే కావచ్చు.

ఇక చట్టం సంగతి. వస్తువుకు బదులు వాటా ఇస్తానంటే, 2013 కంపెనీల చట్టం కింద ఏడాదిలో 200 మందికి మించి అడగరాదు. మించితే అది పబ్లిక్ ఇష్యూ అవుతుంది. వాటా కాదు, వస్తువే ఇస్తానని ముందుగా డబ్బు తీసుకున్న కంపెనీ 365 రోజులలోగా ఆ సొమ్మును సరుకు లెక్కకు సర్దాలి. లేకుంటే 2014 నిబంధనల ప్రకారం అది డిపాజిట్ అవుతుంది. డిపాజిట్లు తీసుకునే అర్హత అతని కంపెనీకి ఉండదు. అచ్చు ఒకసారి చెడితే, రెండవసారి చెక్కితే, ఏడాది ఎంతసేపు?

సెబీ 2014 జూన్‌లో ఈ విషయం మీద ఒక చర్చాపత్రం వెలువరించింది. చిన్న సంస్థలు ఏడాదికి పది కోట్ల రూపాయల వరకు ఈ దారిన వాటాల మూలధనం తెచ్చుకోవచ్చునని సూచించింది. అభిప్రాయాలు అడిగింది, అవి వచ్చాయి. నిబంధనలు మాత్రం రాలేదు. 2016 ఆగస్టులో అనుమతి లేని ఇంటర్నెట్ వేదికల ద్వారా పెట్టుబడి పెట్టవద్దని హెచ్చరిక మాత్రం వచ్చింది. ఆ ఏడాది మే నెలలోనే అమెరికా తన నిబంధనలను అమలులోకి తెచ్చింది.

సెబీ భయం ఉత్తిది కాదు. మూడు కోట్లమంది నుండి ఋణపత్రాల పేర డబ్బు సేకరించిన సహారా సంస్థలు వేల కోట్లు తిరిగి ఇవ్వాలని సుప్రీంకోర్టు 2012 ఆగస్టులో తీర్పు చెప్పింది. 2013లో శారదా చిట్‌ఫండ్ కూలి తూర్పు రాష్ట్రాలలో ఎన్ని కుటుంబాలు వీధిన పడ్డాయో చూశాము. మన ఆంధ్రదేశంలో అగ్రిగోల్డ్ బాధితుల ఊరేగింపులు చూసినవారికి చందా అన్నా, వాటా అన్నా వెన్ను జలదరిస్తుంది. ఇన్ని కాలిన చేతుల తరువాత పార్లమెంటు 2019లో అక్రమ డిపాజిట్ల నిషేధ చట్టం చేసిందంటే తప్పుపట్టలేము.

తప్పు ఎక్కడంటే, సొమ్మును ఎన్నో రెట్లు చేస్తానన్న మోసగానికీ, ఒక వస్తువు చేసి పంపిస్తానన్న పనివానికీ ఒకే తాళం వేయటంలో ఉన్నది. మొదటివాని వద్ద జనం వెతికేది లాభం. రెండవవాని వద్ద వారు కొనేది ఒక వస్తువు, కొంత నమ్మకం. వీరిని విడదీయటం అసాధ్యమేమీ కాదు. డబ్బు డిజైనరు చేతికి నేరుగా పోకుండా బ్యాంకులో విడిగా ఉంచి, అచ్చు పూర్తయిన కొద్దీ విడతలుగా ఇవ్వవచ్చు. ఒక్కొక్కరు ఇచ్చే మొత్తానికి హద్దు పెట్టవచ్చు. గడువును 365 రోజుల నుండి పెంచి, ఆలస్యానికి కారణం చెప్పే బాధ్యతను కట్టుదిట్టం చేయవచ్చు. కావలసింది కూర్చుని వ్రాసే ఓపిక.

వస్తువు రూపకల్పనకు ప్రజల డబ్బు వెచ్చించటం మన జాతీయోద్యమానికి కొత్త కాదు. 1921లో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ సంఘం తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, దేశానికి ఇరవై లక్షల రాట్నాలు కావాలని తీర్మానించింది. 1929లో అఖిల భారత చరఖా సంఘం మెరుగైన రాట్నం రూపొందించినవారికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. ఆనాటికి లక్ష అంటే మాటలు కాదు. ఆ షరతులకు ఏ రాట్నమూ నిలువలేదు, బహుమతి ఎవరికీ దక్కలేదు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఏకాంబరనాథన్ అనే తమిళుడు తయారుచేసిన అంబర్ చరఖా ఊరూరికీ వెళ్లింది. బహుమతి ఫలించలేదు కదా అని రాట్నాన్ని బాగుచేసే ప్రయత్నం ఎవరూ మానలేదు.

చట్టం మారేదాకా ఆదిత్యపూర్ యువకుడు ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. తన వస్తువు బొమ్మను జనానికి చూపి డబ్బు అడిగిన తరువాత డిజైన్ నమోదుకు వెళితే, 2000 నాటి డిజైన్ల చట్టం కింద అది కొత్తది కాదని త్రోసిపుచ్చుతారు. ముందు వెళితే పదేళ్లు, పొడిగించుకుంటే మరో ఐదేళ్లు హక్కు దక్కుతుంది. వ్యక్తులకు దరఖాస్తు రుసుము వెయ్యి రూపాయలు. ఆ కార్యాలయం ఉన్నది ఢిల్లీలో కాదు, కలకత్తాలో. టాటానగర్ స్టేషనులో ఉదయం బండి ఎక్కితే మధ్యాహ్నానికి హౌరా.