జిమ్‌ మానేసినా కోత ఆగదా?

కొత్త సంవత్సరం ఉత్సాహంలో ఫిట్‌నెస్‌ యాప్‌కు డబ్బు కట్టేస్తాం. పది రోజులకే బద్ధకం. (భద్రాచలం కరకట్ట మీద నడకకు పైసా ఖర్చు లేదు, అది వేరే సంగతి!) ఖాతాలో కోత మాత్రం నెలనెలా తప్పదు. రద్దు చేద్దామంటే దారే కనబడదు. ఈ 'సబ్‌స్క్రిప్షన్‌ ట్రాప్‌'ను 2023లో కేంద్రం నిషేధించింది.

ముందు యూపీఐలో ఆటోపే ఆపేయండి. రద్దు కోరుతూ సంస్థకు మెయిల్‌ పంపి, కాపీ దాచుకోండి. స్పందించకపోతే 1915కు ఫోన్‌ చేయండి. అప్పటికీ తేలకపోతే వినియోగదారుల కమిషన్‌ ఉంది. ఒకప్పుడు హైదరాబాద్‌ సంస్థపై కేసంటే చాలావరకు అక్కడికే పరుగెత్తాలి. 2020 జులైలో అమల్లోకొచ్చిన కొత్త చట్టంతో ఖమ్మం వాసి ఖమ్మంలోనే ఫిర్యాదు చేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరూ తప్పనిసరి కాదు. గడువు మాత్రం రెండేళ్లే.