పాత మోటారు సైకిల్ ట్యాంకుకు రంగు కుదర్చడం: వర్ణశాస్త్రం ఆచరణలో

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- పాత ట్యాంకు అసలు రంగు ఎక్కడ దొరుకుతుందో గుర్తించగలుగుతారు.
- రంగులోని మూడు గుణాలను విడివిడిగా పోల్చి చెప్పగలుగుతారు.
- ఒక వెలుగులో కలిసిన రంగులు మరో వెలుగులో ఎందుకు విడిపోతాయో వివరించగలుగుతారు.
- రంగు కలిపే పనిని క్రమపద్ధతిలో, సురక్షితంగా చేయగలుగుతారు.

1. పరిచయం

చిలకలూరిపేట చుట్టుపక్కల పెరిగినవారికి రంగు చూసి సరుకు విలువ కట్టడం కొత్త కాదు. రంగు పోయి తెల్లబారిన మిరపకాయను తాలు అని వేరు చేస్తారు. దాని ధర వేరు. ఇదే పనిని ప్రయోగశాలలో అంకెలతో చేస్తారు. కారాన్ని ఎసిటోన్‌లో నానబెట్టి, ఆ ద్రావణం 460 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలుస్తారు. ఫలితాన్ని ఆస్టా యూనిట్లలో చెబుతారు. ఒక వస్తువు ఏ కాంతిని పీల్చుకుని దేన్ని తిప్పి పంపుతుందో అదే దాని రంగును నిర్ణయిస్తుంది. మిరపకాయకూ, మోటారు సైకిల్ ట్యాంకుకూ సూత్రం ఒక్కటే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ తాతగారు 1960లలో కొన్న మెరూన్ రంగు జావా బండి ఇంట్లో ఉందనుకోండి. ఆ బండ్లను తయారుచేసిన మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడింది. కాబట్టి కంపెనీకి రాసి షేడు నంబరు తెప్పించుకునే వీలు లేదు. ఆ రంగుకు మిగిలిన నమ్మకమైన సాక్ష్యం ఆ బండి మీదే ఉంది. ట్యాంకు మొత్తాన్ని ఎమరీ పేపరుతో రుద్దేస్తే ఆ సాక్ష్యం పోతుంది, మళ్లీ రాదు. అందుకే మొదటి పని రుద్దడం కాదు, వెతకడం.

2. అసలు రంగును వెతకడం

ట్యాంకు పైభాగం ఎండకు వెలిసిపోతుంది. మూత చుట్టూ పెట్రోలు ఒలికి మరకలు పడతాయి. ఆ చోట్ల కనిపించేది అసలు రంగు కాదు. ఎండ తగలని చోట్లు చూడండి: మోకాళ్ల దగ్గరి రబ్బరు ప్యాడ్ల కింద, బ్యాడ్జీ వెనుక, ట్యాంకు అడుగుభాగం, టూల్ బాక్స్ లోపలివైపు. అక్కడ మురికిని సబ్బు నీటితో కడిగి, రబ్బింగ్ కాంపౌండ్‌తో తేలికగా పాలిష్ చేస్తే అసలు ఛాయ బయటపడుతుంది.

బండి మధ్యలో ఎప్పుడో మరో రంగు వేయించుకుని ఉండవచ్చు. అది తెలుసుకోవడానికి మరుగున ఉన్న చోట అరచేతి కన్నా చిన్న భాగాన్ని సన్న వాటర్ పేపరుతో మెల్లగా రుద్దండి. పొరలు ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా కనిపిస్తాయి. ప్రైమర్‌కు ఆనుకుని ఉన్న రంగు పొర సాధారణంగా మొదటిది. ఒక చిన్న భాగాన్ని అలాగే వదిలిపెట్టండి. పని పూర్తయ్యేదాకా పోల్చుకోవడానికి అదే ఆధారం.

3. దేనికి సరిపోల్చాలి?

ఇక్కడ చాలామంది పొరపడతారు. బండి మొత్తానికి రంగు వేయిస్తుంటే అసలు ఛాయకే సరిపోల్చాలి. ట్యాంకుకు మాత్రమే వేయిస్తుంటే పక్కనున్న మడ్గార్డులు ఈ రోజు ఎలా ఉన్నాయో దానికి సరిపోల్చాలి. లేకపోతే కొత్త ట్యాంకు పాత బండి మీద అతుకులాగా కనిపిస్తుంది.

రిజిస్ట్రేషన్ పత్రంలో వాహనం రంగు కూడా నమోదై ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు దాన్ని చూసుకోండి. 50 ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మారని ద్విచక్ర వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకునే నిబంధనలను కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చింది.

4. రంగులోని మూడు గుణాలు

"ఇది కలవలేదు" అంటే సరిపోదు. ఏ విషయంలో కలవలేదో చెప్పగలగాలి. అమెరికన్ చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో ప్రచురించిన పద్ధతి దీనికి ఉపయోగపడుతుంది. దాని ప్రకారం ప్రతి రంగుకూ మూడు గుణాలు:

వర్ణం: ఎరుపా, పసుపా, నీలమా? మెరూన్ అయితే నీలం వైపు మొగ్గిందా, గోధుమ వైపు మొగ్గిందా?
వెలుగు: ముదురుగా ఉందా, లేతగా ఉందా?
గాఢత: నిండుగా ఉందా, బూడిద కలిసినట్టు ఉందా?

దీనితో పాటు మెరుపునూ గమనించాలి. మెరుపు తగ్గిన ముదురు రంగు తెల్లబారినట్టు కనిపిస్తుంది. అందుకే పాత నమూనాను పాలిష్ చేసిన తరువాతనే పోల్చాలి.

5. వెలుగు చేసే మోసం

షెడ్డులో ట్యూబ్‌లైటు కింద ట్యాంకు, మడ్గార్డు ఒకే రంగులో ఉన్నాయి. బండిని రోడ్డు మీదికి తీసుకొచ్చాక ట్యాంకు గోధుమగా, మడ్గార్డు ఎర్రగా కనిపించాయి. పెయింటర్ మోసం చేయలేదు. దీన్ని మెటామెరిజం అంటారు. రెండు రంగులను వేర్వేరు పిగ్మెంట్లతో తయారుచేసినప్పుడు అవి ఒక వెలుగులో కంటికి ఒకేలా కనిపించవచ్చు. వెలుగులోని తరంగదైర్ఘ్యాల పాళ్లు మారగానే ఆ పోలిక చెదిరిపోతుంది.

కాబట్టి నమూనాను కనీసం మూడు చోట్ల చూడండి: పగలు వరండా నీడలో, నేరుగా ఎండలో, రాత్రి బల్బు కింద. మూడింటిలో పగటి నీడకే ఎక్కువ విలువ ఇవ్వండి. కొద్ది సెకన్లు చూసి, చూపును ఏదైనా బూడిద రంగు వస్తువు వైపు తిప్పి, మళ్లీ చూడండి. ఎరుపును అదేపనిగా చూస్తే కన్ను అలిసిపోయి తేడాను పట్టుకోలేదు. పక్కనున్న రంగు కూడా కంటిని మాయ చేస్తుందని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ 1839లో వివరించాడు. అందుకే బంగారు గీతలను, క్రోమ్ భాగాలను కాగితంతో కప్పి పోల్చాలి.

6. రంగు కలపడం

- షేడ్ కార్డులో దగ్గరగా ఉన్న రంగుతో మొదలుపెట్టండి. వీలైనంత తక్కువ రకాల రంగులు వాడండి. రకాలు పెరిగేకొద్దీ గాఢత తగ్గుతుంది.
- చుక్కల లెక్క కాకుండా గ్రాముల తూకం వాడి, ప్రతిసారీ రాసుకోండి. రాయని మిశ్రమాన్ని మళ్లీ తయారుచేయలేరు.
- మెరూన్ లేతగా ఉందని నలుపు ఎక్కువ కలిపితే రంగు మురికిగా మారుతుంది. ఊదా వైపు మొగ్గే ముదురు ఎరుపును ముందు ప్రయత్నించండి.
- డబ్బాలోని తడి రంగును చూసి నిర్ణయించకండి. ఒక రేకు ముక్కకు అదే ప్రైమర్ వేసి, అదే స్ప్రే గన్‌తో కొట్టి, పైన క్లియర్ వేయాలనుకుంటే అదీ వేసి, పూర్తిగా ఆరాక పోల్చండి.
- ఎరుపు రంగుల్లో చాలావాటికి కింది పొరను కప్పే శక్తి తక్కువ. రేకు మీద నల్ల గీత గీసి, అది కనిపించకుండా పోవడానికి ఎన్ని కోట్లు పట్టిందో లెక్కించండి. ట్యాంకుకూ అన్ని కోట్లు పడాలి.

వాతావరణం కూడా ముఖ్యం. మే నెల ఎండల్లో థిన్నర్ త్వరగా ఆవిరై, రంగు గరుకుగా పడుతుంది. వాన రోజుల్లో గాలిలోని తేమ వల్ల ఎన్.సి. లాకర్ తెల్లబారుతుంది. రెండు సందర్భాల్లోనూ కలిపిన రంగు సరైనదే అయినా ఫలితం తప్పుతుంది.

7. భద్రత

పెట్రోలు పారబోసిన ట్యాంకు ఖాళీ ట్యాంకు కాదు. అందులో ఆవిరి ఉంటుంది. గాలితో కలిసిన ఆ ఆవిరి నిప్పు తగిలితే పేలుతుంది. పూర్తిగా కడిగి ఆవిరి లేకుండా చేయనిదే వెల్డింగ్ పెట్టకూడదు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా రుద్దకుండా నీళ్లు పెట్టి రుద్దండి. హార్డనర్ కలిపే రంగుల్లో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. ముఖానికి కట్టుకునే చేతిరుమాలు వాటిని ఆపలేదు. తగిన మాస్కు, గాలి ఆడే చోటు లేకపోతే ఆ పనిని అవి ఉన్న షాపుకే అప్పగించండి.

8. సారాంశం

రంగు కుదరడం అదృష్టం కాదు. అసలు ఛాయను భద్రపరచడం, ఏ గుణంలో తేడా ఉందో గుర్తించడం, పగటి నీడలో పోల్చడం, ఆరిన నమూనాను మాత్రమే నమ్మడం, పాళ్లను రాసుకోవడం: ఈ అయిదూ పాటిస్తే ఫలితం మీ చేతిలో ఉంటుంది. పని అయ్యాక పాళ్లు రాసిన కాగితాన్ని, రంగు వేసిన రేకు ముక్కను బండి పత్రాలతో పాటు దాచండి. రేపు ఆ బండిని బాగుచేసేవారికి మీకు దొరకని షేడు నంబరు అదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ట్యాంకు పైభాగాన్ని రంగుకు ఆధారంగా ఎందుకు తీసుకోకూడదు?
2. మెటామెరిజం అంటే ఏమిటి? ఒక ఉదాహరణతో వివరించండి.
3. ట్యాంకుకు మాత్రమే రంగు వేసేటప్పుడు దేన్ని ఆధారంగా తీసుకోవాలి? ఎందుకు?
4. అభ్యాసం: మీ ఇంట్లోని మూడు ఎర్రని వస్తువులను పగటి నీడలో, బల్బు కింద చూసి, వర్ణం, వెలుగు, గాఢతలలో కనిపించిన తేడాలను పట్టికగా రాయండి.