రాత్రికి రాత్రి తారు రోడ్డు: లాభం మన పేటకూ చేరాలి

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డు దారుల్లో టిక్కీలు నింపుకున్న లారీలు, ట్రాక్టర్లు బారులు తీరతాయి. అదే దారిలో హమాలీలు, తొడిమలు తీసే ఆడవాళ్లు, ఆటోలు, తోపుడు బండ్లు. వీరిలో చాలామంది దళితవాడల నుంచి వచ్చేవాళ్లే. ఇలాంటి రోడ్డు వారం రోజులు మూతపడితే సరుకు ఆసామి రేటు కోసం ఆగగలడు. రోజుకూలీ ఆగలేడు. అందుకే రోడ్డు పని ఎన్ని గంటల్లో అవుతుందన్నది మన కూలికి సంబంధించిన ప్రశ్న.

రద్దీ వీధులకు వేగంగా తారు పొర వేసే పద్ధతి ఏమిటో ముందు తెలుసుకుందాం. రోడ్డు పునాది గట్టిగా ఉండి పైపొర మాత్రమే పాడైతే అంతా తవ్వక్కర్లేదు. మిల్లింగ్ యంత్రం పాత పైపొరను గీకేస్తుంది. ఊడ్చి శుభ్రం చేశాక, కొత్త పొర అతుక్కోవడానికి పలచగా తారు చల్లుతారు. హాట్‌మిక్స్ ప్లాంటులో సుమారు 150 నుంచి 165 డిగ్రీల వేడిలో కలిపిన తారు, కంకర మిశ్రమం టిప్పర్లలో వస్తుంది. పేవర్ యంత్రం దాన్ని సాధారణంగా 30 నుంచి 50 మిల్లీమీటర్ల మందాన పరుస్తుంది. వేడి తగ్గకముందే రోలర్లు తొక్కాలి. పొర చల్లారాక వాహనాలు వదలొచ్చు.

అసలు లాభం ఇక్కడే ఉంది. రాత్రి పని మొదలుపెడితే ఒక్కో ముక్క తెల్లారేసరికి తయారవుతుంది. మామూలు సిమెంటు కాంక్రీటుకు పూర్తి బలం లెక్కగట్టేది 28వ రోజున. తారు రోడ్డు అయితే ఆటోకు బాడుగ పోదు, బండి మీద టిఫిన్ అమ్మే ఆమెకు బేరం పోదు, ఆస్పత్రికి వెళ్లే దారి మూతపడదు. గీకి తీసిన పాత తారును మళ్లీ వాడుకోవచ్చు కూడా. అయితే నీళ్లు నిలిచే చోట తారు త్వరగా పాడవుతుంది. అక్కడ ముందు కాలువ కట్టాలి, లేదంటే కాంక్రీటే వేయాలి.

వేగం పేరుతో ఎగ్గొట్టే పనులు మాత్రం మన మీదే పడతాయి. పాత పొర తీయకుండా దాని మీదే కొత్తది వేస్తే రోడ్డు మట్టం పెరుగుతుంది. ఇలా నాలుగైదు సార్లు జరిగితే రోడ్డు గడపల కంటే ఎత్తవుతుంది. వాన వస్తే నీళ్లు పోయేది పల్లంలో ఉన్న ఇళ్లలోకే. మన ఊళ్లలో పల్లపు స్థలాలు ఎవరికి ఇచ్చారో చెప్పనక్కర్లేదు. కాబట్టి 'గీకి తీశాకే కొత్త పొర' అన్నది మన మొదటి డిమాండ్ కావాలి.

రెండోది, చిరువ్యాపారులు. రోడ్డు పని సాకుగా లేపేసిన బండ్లు మళ్లీ అదే చోటికి రావడం కష్టం. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం గుర్తింపు పత్రం ఉన్నవాళ్లను ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

మూడోది, తారు పోసే చేతులు. రోడ్లు వేసేటప్పుడు వచ్చే తారు పొగ క్యాన్సర్ కలిగించే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిధిలోని క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో తేల్చింది. బూట్లు, చేతి తొడుగులు, మాస్కులు, రాత్రి పనికి మెరిసే జాకెట్లు, తాగునీళ్లు కాంట్రాక్టరు దయ మీద ఆధారపడే విషయాలు కావు. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం రోడ్డు పనిని కూడా నిర్మాణ పనిగానే గుర్తించింది.

నాలుగోది, డబ్బు. 2013 సబ్‌ప్లాన్ చట్టం ఎస్సీల జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించమంటుంది. అదే చట్టంలో, విడదీసి చూపలేని మౌలిక వసతుల ఖర్చులో కొంత భాగాన్ని ఎస్సీల పద్దులో రాసుకునే వీలు కూడా ఉంది. కనుక మెయిన్ రోడ్డు మెరిసినప్పుడల్లా ఒకటి అడగాలి: ఇందులో మన పద్దు కింద ఎంత రాశారు? మన పేట రోడ్డుకు ఎంత మిగిలింది?

అడగడానికి దారి ఉంది. 2005 సమాచార హక్కు చట్టం కాగితాలు ఇమ్మనడంతో ఆగదు. జరుగుతున్న పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి ధృవీకరించిన నమూనాలు తీసుకునే హక్కు కూడా ఇస్తుంది. ఎస్టిమేటు, ఎం-బుక్ నకళ్లు, మిల్లింగ్ చేశారా, పొర మందం ఎంత, పాడైతే కాంట్రాక్టరు ఎన్నాళ్లు బాగుచేయాలి అని రాసి అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. గుంటూరైనా, ఒంగోలైనా, చిలకలూరిపేటైనా విద్యార్థి సంఘం ఒక్క వీధితో మొదలుపెట్టినా చాలు. యార్డు రోడ్డును ఒక్క రాత్రిలో బాగుచేయగల యంత్రాలు ఎస్సీ కాలనీ రోడ్డుకు ఎందుకు రావో జవాబు చెప్పాల్సింది అధికారులే.