వీణ చాటున కండక్టర్
ఎవ్గెనీ మ్రావిన్‌స్కీ 1938 నుంచి 1988లో కన్నుమూసేదాకా లెనిన్‌గ్రాడ్ ఫిల్హార్మోనిక్‌కు సారథి. రష్యాలో ఆ ఆర్కెస్ట్రా అంటే ఆయనే. మన దగ్గర సంగతి వేరు. ఈమని శంకరశాస్త్రి అనగానే వీణే గుర్తొస్తుంది. ఢిల్లీలో ఆకాశవాణి జాతీయ వాద్యబృందాన్ని నడిపిందీ ఆయనేనంటే చాలామంది నొసలు ముడుస్తారు.

1922లో ద్రాక్షారామంలో పుట్టిన శాస్త్రి తండ్రి అచ్యుతరామశాస్త్రి దగ్గరే వీణ నేర్చారు. మద్రాసు జెమినీ స్టూడియోలో సాలూరి రాజేశ్వరరావుకు సహాయకుడయ్యారు. నానా వాద్యాలనూ ఒక్క పాటలో ఇమడ్చడం సినిమావాళ్లకు రోజువారీ పని. రవిశంకర్ సారథ్యంలో 1952లో మొదలైన వాద్యబృందం పగ్గాలు తర్వాత చేతికొచ్చినప్పుడు ఆ అనుభవం అక్కరకొచ్చి ఉండాలి.

చిక్కల్లా గమకంతోనే. వీణ మీద ఒక్కరే అయితే స్వరాన్ని మనసుకొచ్చినట్టు ఊపొచ్చు. సితార్, సరోద్, వయొలిన్, వేణువు కలిసి అదే ఊపు పలకాలంటే? హిందుస్తానీ వారి తీరు ఒకటి, మనది మరొకటి. పోనీ పాశ్చాత్యుల్లా హార్మనీ దట్టిద్దామంటే రాగం చెడుతుంది. ఈ ఇరుకులోనే శాస్త్రి ‘ఆదర్శ శిఖరారోహణం’ కూర్చారు. ఎవరెస్ట్ ఆరోహణే దాని ఇతివృత్తం.

1974లో పద్మశ్రీ అందుకున్న ఆయన 1987లో మరణించారు. శిష్యుడు చిట్టిబాబు పుణ్యమా అని ఆ వీణ బాణీ ఊరూరికీ చేరింది. వాద్యబృందం రచనలే అంత తేలిగ్గా చెవినపడవు.